ముడి ఎందుకు జారదు?

పొద్దున లేచింది మొదలు మీరు ఎన్ని ముళ్లు వేస్తారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? బూట్ల లేసుకు ఒకటి, జడ రిబ్బనుకు ఒకటి, సంచి మూతికి ఒకటి, బావిలోకి వదిలే చేదకు ఒకటి. వీటిలో బూటు లేసు గంట తిరక్కుండానే వూడిపోతుంది. చేద తాడు ముడి మాత్రం ఏళ్ల తరబడి అలాగే వుంటుంది. రెండూ తాళ్లే, రెండూ ముళ్లే గదా! మరి తేడా ఎక్కడ వుంది?

బూటు లేసు వూడితే మనకు పెద్ద నష్టం లేదు. వంగి మళ్లీ కట్టుకుంటాం. కాని సముద్రం మీద వేటకు వెళ్లినవారి సంగతి అలా కాదు. గాలానికి పడిన పెద్ద వంజరం చేప పడవ పక్కకు వచ్చిన క్షణాన ముడి జారితే, చేపతోబాటు గాలమూ పోతుంది, ఆ రోజు కూలీ పోతుంది. అందుకే ముడి విషయంలో మత్స్యకారులకు వున్నంత పట్టింపు ఇంకెవరికీ వుండదు. వారి దగ్గర మనం నేర్చుకోదగిన భౌతికశాస్త్రం చాలా వుంది.

సెలవుల్లో ఒక పాఠశాల

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, యంత్రాలున్న పడవలు సముద్రంలో వేటాడకూడదు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే వ్యవధి అది. మీ వేసవి సెలవులు కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి. అప్పుడు నెల్లూరు జిల్లాలోని మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట వంటి తీరగ్రామాలకు వెళితే, నీడపట్టున వలలు పరుచుకుని బాగుచేసుకుంటున్నవారు కనిపిస్తారు. ఒక కాలి బొటనవేలికి వలను తగిలించి బిగువుగా పట్టుకుంటారు. చేతిలో దారం చుట్టిన సన్నటి, చదునైన సూది వుంటుంది. మీరు రెప్ప వేసి తెరిచేలోగా ఒక ముడి పూర్తవుతుంది.

ఒక వలలో ఎన్ని ముళ్లు వుంటాయి? దీనికి చిన్న లెక్క వుంది. వలలో ఒక్కొక్క కన్నుకు నాలుగు మూలలు, నాలుగు మూలలకూ నాలుగు ముళ్లు. కాని ఒక్కొక్క ముడిని చుట్టూ వున్న నాలుగు కన్నులు పంచుకుంటాయి. అంచుల సంగతి వదిలేస్తే, కన్నులు ఎన్నో ముళ్లూ అన్నే! రెండు లక్షల కన్నులున్న వలలో దాదాపు రెండు లక్షల ముళ్లు వుంటాయన్నమాట. అందులో కొన్ని జారితే చాలు, కన్నులు సాగిపోతాయి, చేపలు తప్పించుకుపోతాయి.

ముడిని పట్టుకునేది ఏమిటి?

ముడిలో మేకు లేదు, జిగురు లేదు. మరి ఏది పట్టి వుంచుతోంది? మీకు తెలిసినదే – ఘర్షణ. రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారబోయినప్పుడు ఆ జారుడును అడ్డుకునే బలమే ఘర్షణ. రెండు తలాలను ఎంత గట్టిగా అదిమితే ఘర్షణ అంత పెరుగుతుందని మీ పాఠంలో చదివే వుంటారు.

ఇప్పుడు ఒక పడవను వూహించండి. నెల్లూరు తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువలో ఒకప్పుడు సరుకుల పడవలు నడిచేవి. అంత బరువైన పడవను ఒడ్డున నిలపాలంటే పడవ మనిషి తాడును చేత్తో పట్టి లాగడు. ఒడ్డున పాతిన గుంజకు రెండు మూడు చుట్లు తిప్పి, కొసను తేలిగ్గా పట్టుకుంటాడు. పడవ ఎంత గుంజినా తాడు కదలదు.

ఇందులో మర్మం ఏమిటో 18వ శతాబ్దంలో గణితశాస్త్రజ్ఞుడు ఆయిలర్ లెక్కకట్టి చూపాడు. గుంజకు చుట్టిన తాడు ప్రతి అంగుళంలోనూ గుంజను అదుముతుంది. ఆ అదుముడు వల్ల పుట్టిన ఘర్షణ, లాగుడు బలంలో కొంత భాగాన్ని మింగేస్తుంది. మిగిలిన బలమే తరువాతి అంగుళానికి చేరుతుంది. అక్కడ మళ్లీ కొంత పోతుంది. ఇలా పోగా పోగా కొసకు చేరేటప్పటికి మిగిలేది కొంచెమే.

తాడుకు, గుంజకు మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. అప్పుడు ఒక పూర్తి చుట్టు వేస్తే, చేతితో పట్టిన బలానికి 6.59 రెట్ల లాగుడును ఆపవచ్చు. రెండు చుట్లకు 13 రెట్లు అనుకుంటున్నారా? కాదు! 6.59ని 6.59తో గుణించాలి: 43 రెట్లు. మూడు చుట్లకు 286 రెట్లు. నాలుగు చుట్లకు దాదాపు 1,900 రెట్లు! మీరు లెక్కల్లో నేర్చుకునే గుణశ్రేఢి ఇదే. చుట్లు ఒకటొకటిగా పెరుగుతుంటే పట్టు రెట్లకు రెట్లు పెరుగుతుంది. ఒక కిలో బలంతో కొసను పట్టుకున్న పిల్లవాడు మూడు చుట్ల సాయంతో 286 కిలోల లాగుడును నిలబెట్టగలడు. ఇంకొక చిత్రం – ఈ లెక్కలో గుంజ లావు ఎంత అన్న ప్రసక్తే లేదు. చుట్లు ఎన్ని, తలం ఎంత గరుకు అన్నవే ముఖ్యం.

ఇక ముడి సంగతికి వద్దాం. ముడిలో గుంజ వుండదు. తాడే తాడుకు గుంజ అవుతుంది. తాడు తన మీద తానే చుట్టుకుని, తన కొసను తానే అదిమి పట్టుకుంటుంది. లాగేకొద్దీ అదుముడు పెరుగుతుంది. అదుముడు పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. శత్రువు బలాన్నే తన బలంగా మార్చుకునే యంత్రం మంచి ముడి.

పదివేల ఏళ్ల ముడి

వల అల్లేవారు వేసే ముడిని జాగ్రత్తగా గమనించండి. పై వరుస కన్ను అడుగున కొక్కెంలా వంగి వుంటుంది. సూది ఆ వంపులోంచి పైకి వస్తుంది. వంపు రెండు కాళ్లనూ వెనుకగా చుట్టి వస్తుంది. తిరిగి తన దారం కిందుగానే దూరి బయటికి వస్తుంది. లాగితే బిగుస్తుంది. అంతే!

మగ్గం మీద తెగిన నూలు పోగును అతకడానికి కూడా ఇదే ముడి పనికివస్తుంది. అందుకే చాలా దేశాలలో దీన్ని నేతగాళ్ల ముడి అంటారు. చిన్న ముడి, తొందరగా పడే ముడి, దారం ఎక్కువ తినని ముడి. లక్షల ముళ్లు వేయవలసినవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ముడి వేసి వల అల్లే విద్య చాలా పాతది. 1913లో అప్పటి ఫిన్లండులోని ఆంత్రెయా అనే చోట, చిత్తడి నేలలో ఒక వల ముక్కలు బయటపడ్డాయి. చెట్టు నారతో అల్లిన ఆ వల వయసు సుమారు పదివేల అయిదువందల ఏళ్లు. చక్రం పుట్టకముందే మనిషి వల అల్లాడు!

దారం మారింది

నెల్లూరు తీరంలో మీ తాతల కాలంలో వలలు నూలుతోనో, జనపనారతోనో అల్లేవారు. వేటకు వాడిన తెప్ప కూడా ముళ్ల మీద ఆధారపడినదే. మేకులు లేకుండా దుంగలను తాళ్లతో కట్టి చేసిన పడవ అది. తమిళంలో దాన్ని కట్టుమరం అంటారు. కట్టిన మాను అని అర్థం. ఇంగ్లీషువారి కేటమరాన్ అన్న మాట అక్కడినుంచి వచ్చినదే. ఒడ్డున విరుచుకుపడే అలల దెబ్బకు మేకు కొట్టిన పలకలు బీటలువారతాయి. తాడుతో కట్టినవి కొంచెం కదిలి దెబ్బను కాచుకుంటాయి. అదీ ఆ కట్టు వెనుక వున్న తెలివి.

నూలు వలకు రెండు సుగుణాలు వుండేవి. మొదటిది, దాని ఒంటినిండా నూగు. భూతద్దంతో చూస్తే నూలు దారం మీద వందల సన్నని పోగులు బయటికి లేచి కనిపిస్తాయి. ముడిలో ఆ పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఘర్షణను పెంచుతాయి. రెండవది, తడిస్తే నూలు వుబ్బుతుంది. వుబ్బిన దారం ముడిని మరింత బిగిస్తుంది. పైగా తడిసిన నూలుకు బలం తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా.

కాని ఒక పెద్ద లోపం. నూలు చెట్టునుంచి వచ్చిన పదార్థం, సూక్ష్మజీవులకు ఆహారం. వేట నుంచి రాగానే వలను ఆరవేయకపోతే కుళ్లిపోతుంది. అందుకే చెట్టు బెరళ్ల కషాయంలో వలలను నానబెట్టేవారు. బెరడులోని టానిన్లు సూక్ష్మజీవులను కొంతకాలం దూరంగా వుంచేవి. ఎన్ని చేసినా వల ఆయుష్షు తక్కువే.

1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ అనే రసాయనశాస్త్రజ్ఞుడి బృందం నైలాన్‌ను తయారుచేసింది. చిన్న అణువులను గొలుసు లింకుల్లా కలిపి చేసిన పొడుగాటి అణువుల పదార్థం అది. సూక్ష్మజీవులు దాన్ని తినలేవు. సన్నగా వుంటుంది, బలంగా వుంటుంది. స్వతంత్ర భారతంలో చేపల వేట సాధనాల మీద పరిశోధనకు కొచ్చిలో 1957లో ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. కృత్రిమ దారాలతో వలలు చేసే పద్ధతులను పరిశీలించి ప్రచారం చేసినవారిలో ఆ సంస్థ ముఖ్యమైనది. క్రమంగా నూలు వలలు వెనుకబడి, నైలాన్ వలలు తీరమంతా వ్యాపించాయి.

ముడి కూడా మారాలి!

ఇక్కడే చిక్కు వచ్చింది. గాలానికి కట్టే నైలాన్ తీగ ఒకే పోగు. గాజు కడ్డీలా నున్నన. నూగు లేదు. నీటిలో వుబ్బి బిగిసే గుణం నూలుకున్నంత లేదు. పైగా అది స్ప్రింగులాంటిది. వంచితే తిరిగి నిటారుగా కావాలని చూస్తుంది. తడిస్తే దాని బలం నూటికి పదిపాళ్ల వరకు తగ్గుతుంది కూడా. అలాంటి తీగతో నూలుకు వేసినట్లే ముడి వేస్తే ఏమవుతుంది? మెల్లగా జారుతుంది.

దీనికి జవాబు మీరే చెప్పగలరు. గరుకు తగ్గింది, అంటే ఘర్షణ గుణకం తగ్గింది. ఆ లోటును తీర్చాలంటే చుట్లు పెంచాలి! వలల వారు చేసింది అదే. వంపు కాళ్లను ఒకసారి చుట్టే చోట రెండుసార్లు చుట్టారు. అదే జంట ముడి. యంత్రాల మీద అల్లిన నైలాన్ వలలకు ఇంకొక వుపాయం కూడా వుంది. వలను బిగువుగా సాగదీసి వేడి చేస్తారు. ఆ వేడిలో నైలాన్ తన పాత నిటారు రూపాన్ని మరచిపోయి, ముడి వంపులోనే స్థిరపడుతుంది.

ఆస్పత్రిలో గాయాలకు కుట్లు వేసే డాక్టర్లకూ ఇదే సమస్య. పట్టు దారంతో కుట్టేటప్పుడు వేసినన్ని ముళ్లు చాలవని, ఒంటిపోగు నైలాన్‌కు ఒకటి రెండు ముళ్లు అదనంగా వేస్తారు. సముద్రం ఒడ్డునైనా, ఆపరేషన్ గదిలోనైనా సూత్రం ఒక్కటే: దారం మారితే ముడి మారాలి.

తెగేది ఎక్కడ?

ముడి జారకపోతే చాలదు. అది దారాన్ని తెంపకూడదు కూడా. వినడానికి వింతగా వుంటుంది గాని, ప్రతి ముడీ దారాన్ని బలహీనం చేస్తుంది. నైలాన్ తీగకు మధ్యలో మామూలు ముడి ఒకటి వేసి లాగండి. ముడి లేని తీగ మోసే బరువులో దాదాపు సగానికే అది తెగిపోతుంది.

ఎందుకని? ఒక చెరకు ముక్కను వంచి చూడండి. బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. ముడిలో దారం కూడా అంతే. వంపు బయటి వైపు అణువుల గొలుసులు అప్పటికే సాగి వున్నాయి. దానికి తోడు లాగుడు. కాబట్టి భారమంతా సమానంగా పంచుకోవలసిన పోగులో కొంత భాగం ముందే అలసిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువ లాగుడు, ఎక్కువ వంపు ఒకేచోట కలిసేది ముడి గుమ్మం దగ్గర, అంటే దారం ముడిలోకి ప్రవేశించే చోట. అక్కడే తెగుతుంది.

ఈ సంగతిని 2001లో కొందరు యూరపు శాస్త్రజ్ఞులు పరీక్షించారు. వారు వాడిన సామగ్రి ఏమిటో తెలుసా? గాలపు తీగ, వుడికించిన స్పఘెట్టీ! మన సేమ్యాకు పెద్దన్నలాంటి పిండి తీగ అది. దానికి మెల్లగా ముడి వేసి లాగితే, తెగేది ముడి నడుమ కాదు, గుమ్మం దగ్గరేనని చూశారు. ఆ బృందంలో ఒకరైన జాక్ డుబోషే తరువాత 2017లో వేరొక పరిశోధనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరు. పెద్ద శాస్త్రజ్ఞులు కూడా వంటింటి వస్తువులతో ప్రయోగాలు చేస్తారు సుమా!

గాలానికి అయిదు చుట్లు

మరి గాలానికి ఏ ముడి వేయాలి? గుమ్మం దగ్గరే లాగుడంతా ఒక పదునైన వంపు మీద పడకుండా, ముందే కొన్ని చుట్లలో దాన్ని అరగదీసే ముడి కావాలి. ప్రపంచమంతటా గాలాల వారు మెచ్చుకున్న ముడి ఒకటి వుంది. ఇలా కట్టాలి:

1. తీగ కొసను గాలం కన్నులోంచి దూర్చి ఒక జానెడు బయటికి లాగండి.
2. ఆ కొసను అసలు తీగ చుట్టూ అయిదుసార్లు చుట్టండి.
3. కొసను వెనక్కి తెచ్చి, గాలం కన్ను పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి దూర్చండి.
4. అప్పుడు పక్కగా ఒక పెద్ద వంపు ఏర్పడుతుంది. కొసను దానిలోంచి కూడా దూర్చండి.
5. ముడిని నీటితో తడపండి. అసలు తీగను మెల్లగా, ఆగకుండా లాగి బిగించండి.
6. చుట్లు స్ప్రింగులా పక్కపక్కనే అమరాయో లేదో చూసి, మిగిలిన కొసను కత్తిరించండి.

ఇక్కడ అయిదు చుట్లు మన పాత గుంజ చుట్లే. లాగుడు ఒక్కొక్క చుట్టులో కొంత కొంత తగ్గుతూ పోతుంది. బాగా కట్టిన ముడి తీగ బలంలో నూటికి 80 పాళ్ల పైనే నిలుపుతుంది. తీగ లావైతే నాలుగు చుట్లు చాలు. ఎక్కువైతే ముడి సరిగా బిగియదు. తీగ మరీ సన్ననైతే ఆరు, ఏడు వేయవచ్చు.

తడపడం ఎందుకు? పొడి నైలాన్‌ను గబుక్కున బిగిస్తే రాపిడికి వేడి పుడుతుంది. చేతులు రుద్దుకుంటే వెచ్చబడినట్లే. ఆ వేడి తీగ పైపొరను మెత్తబరచి దెబ్బతీస్తుంది. నీరు జారుడునూ ఇస్తుంది, వేడినీ తీసుకుపోతుంది. నోటి తడి అయినా, సముద్రపు నీరైనా సరే.

కొన్ని గాలాలకు కన్ను వుండదు. కాడ చివర చదునుగా కొట్టి వుంటుంది. వాటికి కాడ చుట్టూనే తీగను వరుసగా చుట్టి, కొసను చుట్ల కిందినుంచి లాగి బిగిస్తారు. ఇది గుంజకు తాడు చుట్టినట్లే. ఇందులో తీగ పదునైన మలుపు తిరగదు కాబట్టి చాలా గట్టిది.

ఏటి చేప, కడలి చేప

చేపను బట్టి కూడా ముడి మారుతుంది. చల్లని కొండవాగుల్లో ట్రౌట్ అనే చేప వుంటుంది. ఇంగ్లీషువారి హయాంలో కాశ్మీరులోనూ, మనకు దగ్గరగా నీలగిరుల్లోనూ దీన్ని పెంచారు. నీటి మీద వాలే పురుగులను ఇది తింటుంది. దీన్ని పట్టేవారు ఈకలతో, దారంతో నకిలీ ఈగ చేసి గాలానికి కడతారు. ఆ ఈగకు బరువే లేదు, దాన్ని దూరంగా ఎలా విసరాలి? అందుకని విసిరే తాడునే లావుగా, బరువుగా చేస్తారు. కొరడా ఝళిపించినట్లు ఆ తాడును విసిరితే ఈగ దాని వెంట పోతుంది. కాని లావు తాడు నీటిలో పడితే చేప బెదురుతుంది గదా! అందువల్ల తాడుకు ముందు లీడర్ అనే నైలాన్ తీగ, అది క్రమంగా సన్నబడి, చివర టిప్పెట్ అనే అతి సన్నని తీగ వుంటాయి.

టిప్పెట్ నంబర్లలో ఒక సరదా లెక్క వుంది. 11లోంచి నంబరును తీసివేస్తే, తీగ మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో వస్తుంది. 5వ నంబరు తీగ మందం 6 వేల వంతులు, అంటే దాదాపు 0.15 మిల్లీమీటరు. మీ తల వెంట్రుకలు రెండు పక్కపక్కన పెట్టినంత! మందం సగమైతే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి వుంటుంది మరి.

ఇలా లావు, సన్నం తీగలను కలపాలంటే రెండు ముళ్లు వాడుకలో వున్నాయి. మందాలు దాదాపు సమానమైతే, రెండు కొసలనూ ఎదురెదురుగా పెట్టి, ఒక్కొక్కదాన్ని రెండోదాని చుట్టూ అయిదుసార్లు చుట్టి, కొసలను నడిమి సందులోంచి దూరుస్తారు. మందాల్లో తేడా ఎక్కువైతే ఇది జారుతుంది. లావు తీగ బిర్రుగా నిలబడితే సన్నది దాన్ని అదిమి పట్టలేదు. అప్పుడు రెండు తీగలనూ పక్కపక్కన కలిపి పట్టుకుని, రెండూ ఒకే తాడు అన్నట్లు ఒక వలయం చేసి, కొసలను ఆ వలయంలోంచి రెండుసార్లు దూర్చి బిగిస్తారు. దీన్ని సర్జన్ ముడి అంటారు. రెండు తీగలూ కలిసే వంగుతాయి కాబట్టి మందాల తేడా అంతగా బాధించదు.

మన సముద్రంలో కథ తారుమారు. ఇక్కడ చివరి మూరెడు సన్నగా కాదు, బలంగా వుండాలి! వంజరం పళ్లు కత్తెర్లవంటివి. సన్నని నైలాన్‌ను ఒక్క కాటుకు తెంపుతుంది. అందుకని గాలానికి ముందు ఉక్కు తీగ కడతారు. పండుగప్ప పళ్లు అంత ప్రమాదం కాదు గాని, దాని మొప్పల రెక్క అంచు పదును. దానికి లావు నైలాన్ చాలు. ఉక్కు తీగకు దారపు ముళ్లు పనికిరావు. అది ముడిలా బిగియదు, మడతపడి విరుగుతుంది. దాన్ని తన చుట్టూ తానే మెలివేసి కట్టాలి.

కాబట్టి ముడిని ఎన్నుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. దారం గరుకా, నున్ననా? కలిపే రెండింటి మందం సమానమా? లాగుడు మెల్లగా పడుతుందా, కుదుపులతో పడుతుందా? పని అయ్యాక ముడిని విప్పాలా, వద్దా?

బూటు లేసు రహస్యం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. లేసు ఎందుకు వూడింది? ఒకసారి కుడి కొసను ఎడమ మీదుగా, రెండవసారి ఎడమ కొసను కుడి మీదుగా వేసి కట్టితే చదునైన, గట్టి ముడి వస్తుంది. రెండుసార్లూ కుడినే ఎడమ మీదుగా వేస్తే వంకరగా తిరిగిన, జారే ముడి వస్తుంది. చూడటానికి రెండూ కవలల్లా వుంటాయి!

2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు ఈ తేడాకు కారణం వివరించారు. సాగినకొద్దీ రంగు మారే ప్రత్యేకమైన పోగులతో ముళ్లు వేసి, ఏ చోట ఎంత బిగువు వుందో రంగులను బట్టి చూశారు. ఆ పరిశీలననూ, గణితాన్నీ కలిపి, ముడి లోపల పక్కపక్క పోగులు ఎదురెదురుగా మెలితిరగబోతే ఒకదాన్నొకటి ఆపుకుంటాయని, ఒకే దిశలో దొర్లబోతే పళ్లచక్రాలు జారినట్లు జారిపోతాయని చెప్పారు. రేపు బూట్లు కట్టేటప్పుడు చూడండి. ముడి పాదానికి అడ్డంగా చదునుగా నిలిస్తే మంచిది. కాలి పొడవునా తిరిగితే మీరు జారుముడి వేస్తున్నారన్నమాట. రెండవ చుట్టు దిశ మార్చండి.

మీరే చేసి చూడండి

మొదటి ప్రయోగం: నున్నటి చీపురు కర్రను రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టి, తిరగకుండా కట్టండి. పురికొస ఒక చివర లీటరు నీళ్ల సీసా కట్టి, కొసను కర్ర మీదుగా ఇవతలకు వేయండి. ఇది అర చుట్టు. ఇవతలి చివర చిన్న సంచి కట్టి, సీసా కిందికి జారకుండా ఆగేవరకు ఇసుక పోయండి. ఆ ఇసుకను తూచండి. ఇప్పుడు ఒకటిన్నర చుట్లు, తరువాత రెండున్నర చుట్లు వేసి చూడండి. ఘర్షణ గుణకం 0.3 అయితే వరుసగా సుమారు 390, 59, 9 గ్రాములు చాలాలి. మీ పురికొసకు ఎంత వచ్చింది? అదే పనిని నైలాన్ తీగతో చేసి పోల్చండి.

రెండవ ప్రయోగం: కుట్టుమిషను దారం ఒక పేట తీసుకోండి. రెండు చివరలనూ రెండు పెన్సిళ్లకు పదేసి చుట్లు చుట్టి, జారకుండా అతికించండి. చివరల్లో ముడి వేయకూడదు. వేస్తే అక్కడే తెగుతుంది! కింది పెన్సిలుకు చిన్న డబ్బా వేలాడదీసి, దారం తెగేవరకు మెల్లగా ఇసుక పోయండి. తరువాత దారం మధ్యలో ఒక ముడి వేసి మళ్లీ చేయండి. ఒక్కొక్కటి అయిదుసార్లు చేసి సగటు తీయండి. డబ్బా నేలకు నాలుగు వేళ్ల ఎత్తులోనే వుండాలి. తెగిన దారం కళ్ల మీదికి ఎగురుతుంది కనుక ముఖం దగ్గరగా పెట్టకండి. నైలాన్ తీగను చేతికి చుట్టుకుని లాగవద్దు, చర్మం కోసుకుపోతుంది.

జారని ముడితో ఒక చిక్కు

నూలు వల సముద్రంలో పోతే కొంతకాలానికి కుళ్లి కలిసిపోయేది. నైలాన్ వల పోదు. కుళ్లకపోవడం, ముడి జారకపోవడం అన్నవే దాని సుగుణాలని చెప్పుకున్నాం. అవే సుగుణాలు, పట్టుకునే మనిషి లేనప్పుడు, అపాయంగా మారతాయి. తెగిపోయిన వల ముక్క ఏళ్ల తరబడి సముద్రంలో తిరుగుతూ చేపలను, పీతలను పట్టి చంపుతూనే వుంటుంది. చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి నెల్లూరు తీరానికి వస్తాయి. తాబేలు నీటి జంతువే అయినా వూపిరి తీసుకోవడానికి పైకి రావాలి. వలలో రెక్క చిక్కుకుంటే పైకి రాలేదు. అది ఎంత గింజుకుంటే ముడి అంత బిగుస్తుంది. మనం మెచ్చుకున్న సూత్రమే గదా అది!

అందుచేత గాలపు తీగ కొస కత్తిరించినప్పుడు ఆ ముక్కను ఇసుకలో పారవేయకండి. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి. ఒడ్డున వల ముక్కలు కనిపిస్తే ఏరి, నీరు అందని చోట పోగుపెట్టండి. వలలు బాగుచేసేవారు పనికివచ్చే ముక్కలను సంతోషంగా తీసుకుంటారు.

ఈ సెలవుల్లో తీరానికి వెళ్లినప్పుడు వల అల్లుతున్న పెద్దాయన పక్కన కాసేపు కూర్చోండి. "తాతా, ఈ దారానికి ఎన్ని చుట్లు వేస్తావు? నూలు వల అయితే ఎలా వేసేవాడివి?" అని అడగండి. ఆయన నోటితో చెప్పేలోగానే చేతులతో చూపిస్తాడు. మీరు మెల్లగా ఒక ముడి వేసి, గట్టిగా లాగి చూపించండి. జారిందా, ఎందుకు జారిందో ఇప్పుడు మీకు తెలుసు. ఇంకొక చుట్టు వేయండి.